సింగపూరు చేపల మామ

పోయిన నెల కళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా ఎదురుగా గోడవారన పెద్ద గాజుతొట్టి కనిపించింది. అందులో నాలుగైదు చేపలు తిరుగుతున్నాయి. వాటి రంగు ఏమని చెప్పను! పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బులు కూడా అంత గులాబీగా వెలగవు. నా కళ్ళలో చుక్కల మందు వేసి ఉన్నారు కాబట్టి అది మందు మహిమేమో అనుకున్నాను. మందు వేసిన అమ్మాయిని అడిగితే, "కాదు సార్, నిజంగానే ఆ కలరే. సూదితో ఎక్కిస్తారంట" అంది, ఆ సూది తానే వేసినంత గర్వంగా.

నాకు తెలియకుండానే నా నోట్లోంచి ఒక ప్రశ్న ఊడిపడింది. "గట్టి రంగేనా అమ్మా?"

కళ్ళతో పాటు ఇంకేదో కూడా పరీక్ష చేయించాల్సిన మనిషిని చూసినట్టు ఆ అమ్మాయి నన్ను చూసింది. తప్పు ఆమెది కాదు. ఆ ప్రశ్న నాది కూడా కాదు, ప్రొద్దుటూరుది. అరవై ఏళ్ళ కిందట ఆ ప్రశ్నతో రోజూ వేగిన మనిషి ఒకడుండేవాడు. ఆయన పేరు నాకు తెలియదు. ఊరంతా మామా అనేది, నేనూ మామా అనేవాణ్ణి. ఆయన నన్ను సారూ అనేవాడు. నా పేరు ఆయనకూ తెలియదనే నా అనుమానం. పేర్లు లేకుండానే మా ఇద్దరికీ మంచి స్నేహం సాగిపోయింది.

మామ నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టాడు. మోచేతుల దాకా ఒక రంగు, మణికట్టు దాకా ఇంకో రంగు, గోళ్ళ సందుల్లో మూడోది ఉండేవి. అన్నిటికన్నా విశేషం ఆయన నాలుక. కాగులో రంగు ఎంత చిక్కబడిందో తెలుసుకోవడానికి వేలు ముంచి నాలుకకు రాసుకునే అలవాటు ఆయనది. ఆ ఇంట్లో తాత నుంచి వచ్చిన పద్ధతట. దాంతో ఆయన నోరు తెరిస్తే ఆరోజు పని ఏమిటో తెలిసిపోయేది. వీధిలో ఎవరైనా "మామా, ఈపొద్దు ఏ రంగు?" అని అడిగితే జవాబు చెప్పడు. ఆగి, నాలుక బయటపెట్టి, మళ్ళీ లోపల పెట్టుకుని నడిచిపోతాడు. ఒకసారి తాలూకా కచేరీ ముందర కొత్తగా వచ్చిన అధికారి ఎవరో "ఏం పనయ్యా నీది?" అని అడిగితే అలవాటు చొప్పున నాలుక చూపించి, నాలుగు చీవాట్లు తిని వచ్చాడు.

అప్పుడు మన రాజధాని కర్నూలు. నేను ప్రొద్దుటూరు హైస్కూల్లో ప్రకృతి శాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరాను. మామ ఇంటి పక్కనే గది తీసుకున్నాను. మిల్లులోనే రంగు వేసిన నూలు లారీల్లో దిగడం అప్పుడే మొదలైంది. మగ్గాల వాళ్ళు ఒక్కొక్కరే మామ గడప తొక్కడం మానేశారు. కాగుల కింద మంట ఆరిపోయింది. కొన్నాళ్ళు ఆయన నాలుక మామూలు మనుషుల నాలుకలాగే ఉండింది. ఆ రోజుల్లో ఎవరు పలకరించినా తల వంచుకుని పోయేవాడు.

ఉన్నట్టుండి ఒక పొద్దున ఆయన ఇంటి అరుగు మీద బిస్కెట్ల అంగట్లో ఉండే గాజు సీసాలు వరసగా నిలబడ్డాయి. ఒక్కో సీసాలో వేలెడు చేప ఒకటి. ఎర్రది, నీలిది, ఆకుపచ్చది, వంకాయరంగుది. ప్రొద్దుటూరులో అప్పటిదాకా చేపను చూసినవాళ్ళు కూరకోసమే చూశారు. చూసుకోవడానికి చేపను కొంటారన్న మాట ఎవరూ విని ఉండలేదు. ఇవి సింగపూరు నుంచి ఓడలో మదరాసుకు, మదరాసు నుంచి రైల్లో ఎర్రగుంట్లకు వచ్చాయని మామ చెప్పాడు. నా దస్తూరీ బాగుంటుందని నన్ను పట్టుకుని ఒక రేకు మీద 'సింగపూరు రంగు చేపలు' అని రాయించాడు. నేను నమ్మే రాశాను. పైగా 'సింగపూరు'లో కొమ్ములకు కాస్త వంపు కూడా పెట్టాను.

జనం విరగబడ్డారు. కానీ ఊరు బట్టల ఊరు. చేపను చూసినా చీరను చూసినట్టే చూస్తారు. సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకుని, "గట్టి రంగేనా మామా? ఎన్ని ఉతుకులకు ఆగుతాది?" అని అడిగేవాళ్ళు.

"పొద్దస్తమానం నీళ్ళల్లోనే ఉండాది గదప్పా. ఇంకేం ఉతుకుతావు దాన్ని?" అనేవాడు మామ. అడిగినవాళ్ళు తలూపి డబ్బులు తీసేవాళ్ళు.

గుట్టు నాకు ఒక శనివారం జమ్మలమడుగు బస్సులో తెలిసింది. మా ఊరు జమ్మలమడుగు. శని ఆదివారాలు ఇంటికి పోయేవాణ్ణి. ఆరోజు మామ కూడా నాలుగు సీసాలు ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. కండక్టరు సీసాల వైపు చూసి, "వీటికి టికెట్టు ఎవురు తీస్తారు మామా?" అన్నాడు.

"ఇవి చంటిబిడ్డలు. సీట్లో కూడా కుచ్చోలేదు. దేనికప్పా టికెట్టు?"

కండక్టరు నవ్వి ముందుకు పోయాడు. అదే సమయానికి బస్సు గుంతలో పడింది. ఎర్రచేప సీసాలోని నీళ్ళు నా కొత్త తెల్లపంచె మీద చిలికాయి. నీళ్ళు ఆరాయిగానీ మరక ఆరలేదు. చక్కటి ఎర్రమరక. చేప ఒళ్ళు కడిగిన నీళ్ళు పంచెకు మరక పెట్టడం నేను చదివిన ప్రకృతి శాస్త్రంలో ఎక్కడా లేదు. నేను మరక వైపు, మామ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాం.

"మామా, సింగపూరు ఎంత దూరం?" అన్నాను చివరికి.

"కాలువ దాకా సారూ" అన్నాడు మామ, కిటికీలోంచి తల తిప్పకుండానే.

అప్పుడు మొత్తం చెప్పాడు. కాలువలో నీళ్ళు తగ్గినప్పుడు గుంతల్లో మిగిలే సన్న చేపలు అవి. లోపలి ముల్లు కూడా కనపడేంత పలచనివి. వాటిని మూడురోజులు రంగు నీళ్ళలో ఉంచితే ఒంటికి రంగు పట్టుకుంటుంది. పదింట్లో నాలుగు మొదటిరోజే పోతాయి. మిగిలినవి ఒక నెల, నెలన్నర రంగుమీద ఉంటాయి.

"ఇది మోసం కాదా మామా?"

"సంతలో ఎద్దు కొమ్ములకు రంగెయ్యరా సారూ?"

"ఎద్దును కొనేవాడికి కొమ్ముకు రంగేశారని తెలుసు. చేపను కొనేవాడికి తెలియదు కదా."

మామ సీసాలు ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు. జమ్మలమడుగులో దిగి, నాలుగు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, "తెలిస్తే కొనరు గదా సారూ" అని చెప్పి వెళ్ళాడు. నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది.

ఆ తరవాత ఈ వాదన మా ఇద్దరికీ సాయంత్రపు కాలక్షేపమైంది. నేను ఒక మాట అంటే ఆయన ఒకరోజు తీరిగ్గా నమిలి మర్నాటికి జవాబు తెచ్చేవాడు. "మీ బడికి తనిఖీ దొరలొస్తాండారంటే పిల్లోళ్ళకు తలకు నూనె పూసి, ఉతికిన గుడ్డలేసి ముందు వరసలో కుచ్చోబెట్టరా? అది రంగు గాదా?" అన్నాడొకసారి. ఇంకోసారి కచేరీ దిక్కు చెయ్యి చూపించి, "మూడేండ్ల కిందట ఆ బోర్డుకు రంగేసి పేరు మార్చినారు. మదరాసు అన్నారు, ఆంధ్ర అన్నారు. మల్లా పేరు మారతాదంట. లోపల గుమాస్తా వాడే. వాన్ని ఎవురూ అడగరు గానీ, నన్ను అడుగుతాండారు మీరు" అన్నాడు. నేను లేచి గదిలోకి వెళ్ళిపోయాను.

ఆయనకు ఒక నియమం ఉండేది. చేపను ముంచబోయే ముందు ఆ నీళ్ళు తాను ఒక గుక్క నోట్లో పోసుకుని చూసేవాడు. "నేను తాగలేని నీళ్ళల్లో దాన్ని ఎయ్యను" అనేవాడు. ఆ గుక్క మింగేవాడు కూడా. ఆయన పొట్ట ఎట్లా తట్టుకుందో ఆ కడుపులో పేగులకే తెలియాలి. చచ్చిన చేపల్ని వీధిలో పారేసేవాడు కాదు, పెరట్లో గుంత తీసి పూడ్చేవాడు. ఎందుకింత శ్రమ అంటే, "రంగు తిన్న చేపను పిల్లి తింటే పిల్లికి ఏమన్నా అయితే?" అన్నాడు.

"మరి రంగు తిన్న చేపకు?" అన్నాను.

మామ నా వైపు చూసి నాలుక బయటపెట్టాడు. ఆరోజు ఆకుపచ్చ.

ఇంత తెలిసి కూడా నేను ఆ రేకు బోర్డు మీద నా రాత చెరిపేయమనలేదు. నిజం చెప్పుకోవాలి. బజారున పోయేవాళ్ళు ఆగి నా అక్షరాలు చదువుతుంటే నాకు బాగుండేది. మామ చేపకు వేసిన రంగుకు నా దస్తూరీ తోడుగా నిలబడిందని ఎరిగి ఎరగనట్టు ఉన్నాను.

పులివెందుల సంతకు పోయినప్పుడల్లా మామ అక్కడ ఉగ్గాని అవ్వ దగ్గర తినేవాడు. పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్మేది ఆమె. కానీ ఆమె పేరు నిలిచింది ఊరగాయ మీద. మామిడికాయల కాలంలో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కాయలు, కారం, నూనె అన్నీ తెచ్చి ఆమె ముందర పెట్టి, "నీ చేత్తో ఉప్పెయ్యవ్వా" అని అడిగేవాళ్ళట. ఆమె కొలత పెట్టదు. గుప్పిట పట్టి వేస్తుంది. ఆమె వేసిన ఊరగాయ ఏడాది తిరిగినా బూజు పట్టదని పులివెందులలో నమ్మకం. ఆమె బతుకంతా ఆ గుప్పిట్లో ఉందనుకోండి. మామ ఒక ఎర్రచేపను అవ్వకు అమ్మాడు. అమ్మి వచ్చి, "సారూ, ముసిల్ది చేపను పెనం పక్కన పెట్టుకోని దానితో మాట్లాడతాంది" అని సంబరంగా చెప్పాడు.

ఆ ఎండాకాలం, బడికి సెలవులు ఇచ్చినా నేనింకా జమ్మలమడుగు పోలేదు. ఒక పొద్దున మామ అరుగు మీద బట్టల అంగడి శెట్టిగారు కూర్చుని ఉన్నారు. అంగట్లో గద్దె పక్కన పెట్టుకోవడానికి ఒకేసారి ఆరు సీసాలు బేరమాడుతున్నారు. అంత పెద్ద బేరం మామకు మునుపెన్నడూ తగల్లేదు. మామ గొంతు కూడా మారిపోయింది. ఆరోజు ఎరుపు ముంచినట్టున్నాడు, నోరు తెరవకుండా పెదాలతోనే మాట్లాడుతున్నాడు.

అప్పుడు వచ్చింది అవ్వ. పులివెందుల బస్సు దిగి, చంకలో కొంగు కప్పిన సీసాతో, ఎండలో నడిచి వచ్చింది. సీసా అరుగు మీద పెట్టింది. ఖాళీ సీసా.

"ఇది నువ్వే పెట్టుకోప్పా" అంది. "నాకొద్దు. నా చెయ్యి మంచిది గాదు."

మామ లేచి నిలబడ్డాడు. "ఏమయిందవ్వా?"

"పోయిన వారం నీళ్ళు మార్చినాను. మార్చిన నీళ్ళు ఎర్రగయినాయి. మల్లా మార్చినాను, మల్లా ఎర్రగయినాయి. సింగపూరు సరుకు గదా, కొత్తల్లో రంగు దిగుతాదేమో అనుకున్యా. కొత్త కోకకు ఎయ్యమా, అట్ట గుప్పెడు ఉప్పేసినా, రంగు నిలబడతాదని. మజ్జాన్నానికి ఎల్లకిలా పడింది."

శెట్టిగారు వేళ్ళ మధ్య పట్టుకున్న నోట్లు అట్లాగే పట్టుకుని వింటున్నారు. కొత్త చీరను మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టమని రోజూ ఆయన అంగట్లోనే చెప్పి పంపిస్తారు. అవ్వ చేసింది ఆ ఊళ్ళల్లో ఏ ఆడమనిషైనా చేసే పని.

"ఇన్నేండ్లు ఈ చేత్తో ఉప్పేసినా, ఒక్క జాడీ చెడలేదు" అంది అవ్వ, కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ. "నలభై ఇండ్లోళ్ళు కాయలు కోసుకోని కుచ్చున్యారు. ఉప్పు ముట్టాలంటే బయమేస్తాంది నాకు. ఒగరికీ ఎయ్యలే. నువ్వు చేపలు తెలిసినోడివి, అడిగి పోదామని వొచ్చినా. ఉప్పు ఎక్కువయిందా? లేకుంటే నా చెయ్యే చెడిందా? చెప్పప్పా."

మామ ఖాళీ సీసాను చూశాడు. శెట్టిగారు మామను చూశారు. ఆరు సీసాల్లో ఆరు చేపలు తిరుగుతున్నాయి. నేను ఊరుకోలేకపోయాను. చదువుకున్నవాణ్ణి కదా, అబద్ధం ఆడాల్సిన చోట శాస్త్రం ఆడాను. "అవ్వా, ఆ జాతి చేపల ఆయుష్షే అంత. నీ చెయ్యి కారణం కాదు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! మామను కాపాడుతున్నానని లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు ఊరికే అంటాండావు నాయనా, ముసిల్ది బాధపడతాదని. అంతకు ముందునాడు ఎగిరెగిరి ఆడతాన్నింది అది."

ఆమె సీసా అక్కడే వదిలి మెట్టు దిగబోయింది. అప్పుడు మామ "అవ్వా" అని పిలిచాడు. ఆమె తిరిగింది. మామ ఒక అడుగు ముందుకు వేశాడు. నోరు బార్లా తెరిచి నాలుక బయటపెట్టాడు.

ఎర్రటి ఎరుపు. గడ్డం దాకా సాచి, అవ్వకు చూపించి, శెట్టిగారికి చూపించి, ఎందుకో నాకు కూడా చూపించాడు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగారు. అవ్వ దగ్గరికొచ్చి, పెనం మీద దోసె కాలిందా లేదా చూసినట్టు ఆ నాలుకను ఆ పక్కా ఈ పక్కా చూసింది.

"నీ చేప రంగు ఇదేనవ్వా" అన్నాడు మామ, నాలుక లోపల పెట్టుకుని. "సింగపూరు లేదు, ఏం లేదు. కాలువలో పట్టి ముంచినా. నువ్వు రంగుకు ఉప్పేసినావు. చేపకు రంగేసింది నేను. నీ చేతిలో ఏ దోసమూ లేదు."

అవ్వకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. ఆ తరవాత మొదలుపెట్టింది. "నీ పాడెగట్ట! నీ నాలికకు వాత పెట్ట! వారం దినాలు ఉప్పు ముట్టకుండా చేసినావు గదరా నన్ను! నలభై ఇండ్ల కాయలు పండబెట్టినావు గదరా!" ఆ తిట్ల వరసలో ఎక్కడో ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఎక్కడో నవ్వింది. రెండూ ఎక్కడెక్కడో నేను విడదీసి చెప్పలేను. నాకు మాత్రం తలెత్తుకోలేనంత సిగ్గేసింది. నా శాస్త్రం చేయలేని పని మామ నాలుక చేసింది.

శెట్టిగారు నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళబోతూ ఆగి, "వెలిసే రంగని తెలిసిపాయ. సగం ధరకు ఇస్తావా?" అన్నారు. వ్యాపారి వ్యాపారే. మామ తల అడ్డంగా తిప్పాడు.

"దాని అసలు రంగు ఏంది?" అని అడిగింది అవ్వ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"తెల్లగా ఉంటాదవ్వా. అద్దం మాదిరి."

"అట్టాంటిది ఒగటియ్యి. నా చెయ్యి మంచిదో కాదో నేనే చూసుకుంటా."

తీరా చూస్తే మామ దగ్గర తెల్ల చేప ఒక్కటి లేదు. ఉన్నవన్నీ ముంచేశాడు. అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి, ఎర్రటి ఎండలో కాలువకు పరిగెత్తాడు. ఆయన తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ అవ్వ అంగడి చూసుకుంది. చేపలు చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ, "ఇదంతా రంగప్పా, వాని నాలిక చూసి కొనుక్కోండి" అని చెప్పి పంపింది. మామ చేప పట్టుకొచ్చేసరికి అంగడి సగం మూతపడినట్టే. అవ్వ తెల్ల చేప సీసాలో తన పైట కొంగు ముంచి, పిండి, వెలుగుకు పట్టుకుని చూసి, మరక లేదని తేల్చుకున్నాకే బస్సెక్కింది.

ఆ సాయంత్రం మామ అరుగు మీదున్న చేపలన్నీ కాలువలో వదిలేశాడు. వారం రోజులు కాలువలో ఎర్ర చేపలు, నీలి చేపలు కనిపిస్తున్నాయని ఊరంతా వింతగా చెప్పుకున్నారు. ఏదో దేవుడి మహిమ అని టెంకాయలు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. మామ ఆ వారం ఇంట్లోంచి బయటికి రాలేదు. తరవాత సంతలో ఎద్దుల కొమ్ములకు రంగులేసే పనిలో చేరాడు. రంగు చూడటానికి వేలు నాలుకకు రాసుకోవడం అక్కడా మానలేదు. ఎద్దుల వాళ్ళు మొదట్లో భయపడ్డారట.

ఆంధ్రప్రదేశ్ వచ్చినాక నాకు పులివెందులకు బదిలీ అయింది. అవ్వ ఊరగాయ తిన్నాను, ఆ గుప్పిట కొలత కళ్ళారా చూశాను. పెనం పక్కన సీసాలో తెల్ల చేప తిరుగుతూ ఉండేది. ఊరికి పోతూ ప్రొద్దుటూరులో ఆగినప్పుడల్లా మామ నన్ను ఒక్కటే అడిగేవాడు. "ఉండాదా?" నేను ఉందనేవాణ్ణి. అంతే, మళ్ళీ ఎద్దు దగ్గరికి పోయేవాడు. నా పెళ్ళి అయిందని చెప్పిన రోజున కూడా మొదట "ఉండాదా?" అనే అడిగాడు.

మూడో ఏడు ఒక సంతరోజు నేను వెళ్ళేసరికి మామ ఒక కోడె ఎద్దు కొమ్ముకు ఎర్రరంగు పూస్తున్నాడు. ఒక కొమ్ము పూర్తయింది. ఎద్దుగల రైతు పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. మామ నా ముఖం చూసి అడగాల్సిన మాట అడగలేదు.

"పోయింది మామా" అన్నాను. "మొన్న ఆదివారం. ముసలిదై, కదలకుండా ఉండి ఉండి పోయింది."

మామ కుంచె డబ్బాలో పెట్టి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. చాలాసేపు ఎద్దు మెడ నిమిరాడు. "అవ్వ ఏమనింది సారూ?" అన్నాడు. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. "చెయ్యి సంగతి... ఏమన్నా అనిందా?"

"ఇంకొకటి తెచ్చియ్యమనింది."

"ఒగ కొమ్ము మిగిలిపాయ గదా మామా!" అని రైతు వెనకనుంచి అరుస్తున్నాడు. అప్పటికే మామ పంచె ఎగగట్టుకుని కాలువ దిక్కు నడుస్తున్నాడు.